చిప్పే గిన్నె: ఇంట్లో ఆయిస్టర్లు కాల్చడానికి ఏ పాన్ కొనాలి?

హ్యూస్టన్ వచ్చిన తొలి చలికాలంలో పెరట్లో గ్యాస్ గ్రిల్ మీద డజను ఆయిస్టర్లు, అంటే రెండు చిప్పల మధ్య బతికే సముద్రపు గుల్లలు, పెట్టాను. అరగంట కష్టపడి చిప్పలు విప్పి, వెల్లుల్లి నూరి కలిపిన వెన్న ఒక్కో దాంట్లో చెంచాడు వేసి, కడ్డీల మీద వరసగా పేర్చాను. రెండు నిమిషాలకల్లా నాలుగు పక్కకి ఒరిగాయి. వెన్న, దాంతోపాటు లోపలి ఉప్పటి రసం, బర్నర్ల మీద పడి మంట మూత దాకా లేచింది. మిగతా వాటిలో మూడు అంచులు మాడాయి, రెండు నడిమధ్య పచ్చిగానే ఉండిపోయాయి.

ఆ తర్వాత నాలుగైదు సీజన్లలో చాలా రకాల సామాను వాడి చూశాను. కొన్ని నేను కొన్నవి, కొన్ని స్నేహితుల ఇళ్లలోవి. కొనేటప్పుడు అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: ఏ పాన్ మంచిది? కానీ ఆయిస్టర్ తన గిన్నెను తానే వెంట తెచ్చుకుంటుంది. ఆ చిప్పలోనే ఉడుకుతుంది, ఆ చిప్పలోంచే తింటాం. మనం కొనే పాన్‌కి ఉన్న పని రెండే: చిప్ప ఒరగకుండా నిలబెట్టడం, వేడిని దాని దగ్గరికి సరిగ్గా చేర్చడం. కాబట్టి డబ్బు పెట్టే ముందు తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి. మీ ఇంట్లో వేడి కింది నుంచి వస్తుందా, పై నుంచి వస్తుందా? చిప్పలు ముందే విప్పుతారా, మూసి ఉండగానే కాలుస్తారా?

మూడు ఊళ్లు, మూడు పద్ధతులు

అమెరికాలో ఆయిస్టర్లు కాల్చి తినే తీరు ఒక్కో తీరంలో ఒక్కోలా ఉంటుంది. న్యూ ఆర్లీన్స్ పక్కన మెటైరీలో డ్రేగోస్ రెస్టారెంట్ 1993లో చార్‌బ్రాయిల్డ్ ఆయిస్టర్లు మొదలుపెట్టింది. సగం చిప్పలో ఉన్న ఆయిస్టర్ మీద వెల్లుల్లి వెన్న, చీజ్ వేసి నేరుగా మంట మీద పెట్టడమే. ఇప్పుడు అమెరికా దక్షిణాన ఉన్న మెక్సికో గల్ఫ్ తీరమంతా దాన్నే అనుసరిస్తోంది. అదే న్యూ ఆర్లీన్స్‌లో అంతకు చాలా ముందే, 1899లో, ఆంట్వాన్స్ రెస్టారెంట్‌లో ఆయిస్టర్స్ రాకెఫెల్లర్ అనే వంటకం పుట్టింది. దాన్ని రాళ్ల ఉప్పు పరుపు మీద కుదురుగా పెట్టి ఓవెన్‌లో కాల్చడం ఆనవాయితీ. ఇక కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన టొమాలెస్ బే వైపు, చిప్ప విప్పకుండానే బొగ్గుల మీద పెట్టి, అది నోరు తెరిచాక సాస్ వేయడం కూడా మామూలే.

ఈ మూడింటికీ కావలసిన సామాను ఒకటి కాదు. మూసి ఉండగా కాల్చేవాళ్లకి అసలు పాన్ అక్కర్లేదు. లోతైన చిప్ప కిందికి, చదునైన చిప్ప పైకి వచ్చేలా కడ్డీల మీద పెట్టి మూత వేస్తే చాలు. కాసేపటికి లోపలి నీరు ఆవిరై చిప్ప నోరు తెరుస్తుంది. పై చిప్ప తీసి, వెన్న వేసి, ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఉంచాలి. ఎంతకీ తెరుచుకోనిది పారేయాలి. ఇక్కడ ఖర్చు పెట్టవలసింది పొడుగాటి పట్టకారు మీద, ముంజేతి దాకా వచ్చే మందపాటి గ్లవ్ మీద. చిప్ప తెరుచుకునేటప్పుడు సలసల కాగే నీళ్లు చిమ్ముతాయి, ఒక్కోసారి చిప్ప అంచు పెళ్లున పగిలి పెచ్చు ఎగురుతుంది. పిల్లల్ని దగ్గరికి రానీయకండి.

మా మామగారిది కాకినాడ. ఆయన వచ్చినప్పుడు గ్రిల్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "ఈ గుల్లల్ని మా వైపు బట్టీల్లో కాల్చి సున్నం చేసేవాళ్లు అల్లుడుగారూ, మీరు వెన్న పూసి కాలుస్తున్నారే!" అన్నారు. ఆ మాటలో పనికొచ్చే సంగతి ఉంది. చిప్ప అంటే సున్నపురాయి లాంటి పదార్థమే, పొరలు పొరలుగా కట్టుకున్నది. మన గ్రిల్ వేడికి అది సున్నం అయిపోదు గానీ, మంట నేరుగా తగిలిన చోట పొరలు లేచి పెచ్చులు ఊడతాయి. ఆ పెచ్చు పంటికింద పడితే తిన్న రుచంతా పోతుంది. మంటకీ చిప్పకీ మధ్య ఏదో ఒకటి ఉండటం మేలని నేననేది ఇందుకే.

పోత ఇనుమా, అల్యూమినియమా, స్టీల్ స్టాండా?

చిప్ప విప్పి, వెన్న వేసి, గ్రిల్ మీద కాల్చాలనుకునే వాళ్లకి మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా మూడు: పన్నెండు గుంటల పోత ఇనుప పాన్, అలాంటి గుంటలతోనే పోత పోసిన అల్యూమినియం ట్రే, చిప్పలు ఇరుక్కునేలా రింగులు గానీ గాడులు గానీ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ స్టాండు.

పోత ఇనుము గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, దోసె పెనం చూసి పెరిగిన వాళ్లం. నెమ్మదిగా వేడెక్కుతుంది, ఎక్కిన వేడి తొందరగా వదలదు. లెక్క చూస్తే, ఒకే పరిమాణంలో ఉన్న అల్యూమినియం ట్రే కంటే ఇనుప పాన్ రెండున్నర రెట్ల పైన బరువుంటుంది, దాచుకునే వేడి మూడో వంతు ఎక్కువ. ఫ్రిజ్‌లోంచి తీసిన పన్నెండు చల్లటి చిప్పలు ఒకేసారి పెట్టినా దాని వేడి పడిపోదు. బల్ల మీదికి తెచ్చాక కూడా పది నిమిషాల పాటు వెన్న కుతకుతలాడుతూనే ఉంటుంది.

ఒక ఇబ్బంది మాత్రం అమ్మేవాళ్లు చెప్పరు. చిప్ప అడుగు గరుకుగా, వంకరగా ఉంటుంది కాబట్టి పాన్‌కి రెండు మూడు చోట్ల మాత్రమే తగులుతుంది. మంటని పాన్ అడ్డుకుంటుంది, చిప్ప ఆ వేడిని అందుకోవడానికి సమయం పడుతుంది. చల్లటి పాన్‌లో చిప్పలు పెట్టి గ్రిల్ ఎక్కిస్తే వెన్న కరిగి ఆరిపోతుంది గానీ ఆయిస్టర్ ఉడకదు. ఖాళీ పాన్‌ని గ్రిల్ మీద మూత వేసి కనీసం పది పదిహేను నిమిషాలు కాల్చి, అప్పుడు పట్టకారుతో ఒక్కో చిప్పా పెట్టాలి. వెన్న ఆ తర్వాత వేస్తే ఇంకా మంచిది.

అల్యూమినియం దీనికి అటు వైపు. వేడిని ఇనుము కంటే రెండు మూడు రెట్లు వేగంగా పంచుతుంది, అన్ని గుంటలూ ఇంచుమించు ఒకేలా కాలతాయి. తేలిక, తుప్పు పట్టదు. రోజూ బరువులెత్తలేని వాళ్లకి, పెద్దవాళ్లున్న ఇంటికి నేను ఇదే చెబుతాను. నిండు పన్నెండు చిప్పలతో ఎర్రగా కాలిన ఇనుప పాన్‌ని గ్రిల్ మీంచి ఒంటరిగా దించడం చిన్న పని కాదు. అయితే అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కి కరిగే లోహం. మామూలు గ్యాస్ గ్రిల్ మీద ఏ భయమూ లేదు. నిప్పులు కణకణలాడే బొగ్గుల్లోకి నేరుగా దించే అలవాటుంటే మాత్రం ఇనుమే తీసుకోండి. ఇండక్షన్ పొయ్యి మీద కూడా వాడుకోవాలనుకున్నా ఇనుమే, అల్యూమినియం దాని మీద పనిచేయదు.

స్టీల్ స్టాండు మంటని ఆపదు. చిప్పని కుదురుగా పట్టుకుంటుంది, అంతే. అందువల్ల అన్నిటికంటే త్వరగా కాలుతుంది, పొగ వాసన బాగా పడుతుంది, డ్రేగోస్ తరహా రుచికి ఇదే దగ్గర. కానీ పొంగిన వెన్న ఆపడానికి కింద ఏమీ లేదు కాబట్టి మంటలు లేస్తాయి. బొగ్గుల గ్రిల్ ఉండి, పక్కనే నిలబడి చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకి ఇది బాగుంటుంది. సన్నటి తీగతో చేసినవి రెండు మూడు వాడకాల్లోనే వంగిపోతాయి, చేత్తో నొక్కి చూసి కొనండి.

నా ఓటు పోత ఇనుప పాన్‌కే. కారణం చాలామందికి చిన్నదిగా అనిపించవచ్చు: ఒలికిన వెన్న గుంటలోనే ఉండిపోతుంది. ఆయిస్టర్ రసం, వెల్లుల్లి, కారం కలిసి అడుగున చేరిన ఆ వెన్నని బ్రెడ్డు ముక్కతో అద్దుకుని తినడం కోసమే మా ఇంట్లో పిల్లలు కాచుకుని ఉంటారు. స్టాండు మీద కాల్చినప్పుడు అదంతా మంటపాలే.

కొనే ముందు గుంట కొలత చూసుకోండి. టెక్సాస్‌లో 3 అంగుళాల కంటే చిన్న ఆయిస్టర్‌ని పట్టకూడదని నిబంధన, కాబట్టి ఇక్కడ పట్టి అమ్మేవి చాలావరకు అంతకు మించినవే. పైగా గల్ఫ్ ఆయిస్టర్లు ఒక్కోటి ఒక్కో ఆకారంలో, కొన్ని చెప్పు అడుగంత పొడుగ్గా ఉంటాయి. చిన్న గుంటలున్న పాన్‌లో అవి అడ్డంగా పడుకుంటాయి, పన్నెండు గుంటల పాన్‌లో ఎనిమిదే పడతాయి. పసిఫిక్ తీరపు ఆయిస్టర్లు లోతైన గిన్నెలా ఉంటాయి, చిన్న సైజువి ఏ పాన్‌లోనైనా ఇమిడిపోతాయి. పాన్ మొత్తం పొడవు, వెడల్పు కూడా మీ గ్రిల్ మూత మూసుకునేలా ఉన్నాయో లేదో టేపు పెట్టి కొలవండి.

గ్రిల్ లేని ఇల్లు

అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల బాల్కనీలో గ్రిల్ పెట్టనివ్వరు. పెట్టనివ్వలేదని బొగ్గుల కుంపటి ఇంట్లోకి తేవడం ప్రాణాంతకం. బొగ్గులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, కిటికీ తీసినా సరిపోదు.

మరేం ఫరవాలేదు, అమెరికా ఓవెన్లలో పై నుంచి మంట కొట్టే బ్రాయిలర్ ఉంటుంది. నిజానికి వెన్న, చీజ్ పైన ఎర్రగా రావడానికి కింది మంట కంటే పై మంటే మేలు. దీనికి గుంటల పాన్ కొనక్కర్లేదు. మందమైన షీట్ పాన్ (పొట్టి అంచులున్న చదునైన ఓవెన్ ట్రే) ఒకటి, రాళ్ల ఉప్పు ఉంటే చాలు. 18 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు ఉండే హాఫ్ షీట్ పాన్‌లో అరంగుళం మందాన ఉప్పు పరవడానికి రెండు కిలోల పైన పడుతుంది. ఇద్దరు మనుషులకి దాంట్లో సగముండే చిన్న ట్రే సరిపోతుంది. తినడానికి పనికొచ్చే ఉప్పే తీసుకోండి. మంచు కరిగించడానికి అమ్మే బస్తాల్లో వేరే రసాయనాలు కలుస్తాయి.

ఆ ట్రేని ఉప్పుతో సహా 450 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో పావుగంట ముందే వేడి చేయాలి. దీనికి రెండు కారణాలు. ఉప్పు వేడిని నెమ్మదిగా తీసుకుంటుంది, చల్లగా పెడితే చిప్ప అడుగు చల్లగానే ఉండిపోతుంది. రెండోది, రాళ్ల ఉప్పు పలుకుల్లో చిక్కుకున్న తేమ వేడికి చిటపటా పేలుతుంది. పేలేదేదో ఆయిస్టర్లు పెట్టకముందే పేలిపోతే, ఉప్పు పలుకులు వాటిలో పడవు. తర్వాత చిప్పల్ని ఉప్పులో కొద్దిగా అదిమి, సమంగా కూర్చోబెట్టి, బ్రాయిలర్‌కి 3 అంగుళాల దూరంలో పెట్టండి. ఎంత వంకర చిప్పైనా ఉప్పులో కుదురుకుంటుంది. ఈ ఒక్క విషయంలో ఉప్పు ట్రే అన్ని పాన్‌లనీ ఓడిస్తుంది.

ఉప్పు అంత ఖర్చెందుకనుకుంటే అల్యూమినియం ఫాయిల్‌ని నలిపి గూళ్లలా చేసి పరవండి. ఖర్చు లేదు, ఒకటి రెండు డజన్లకి ఫరవాలేదు. కాకపోతే ఫాయిల్‌కి వేడి నిలవదు. పల్చటి ట్రే వాడితే ఇంకో ప్రమాదం: 450 డిగ్రీల దగ్గర అది టప్పుమని మెలితిరుగుతుంది, నిలబెట్టిన చిప్పలన్నీ ఒక పక్కకి జారతాయి.

గాజు పాత్రల్ని బ్రాయిలర్ కింద పెట్టకండి, బద్దలవుతాయి. నాన్‌స్టిక్ ట్రేలూ వద్దు. ఆ పూత 260 డిగ్రీల సెల్సియస్ దాటితే చెడి పొగలు వదులుతుంది, బ్రాయిలర్ కింద ఆ వేడి ఇట్టే వస్తుంది. మన మట్టి మూకుళ్లు కూడా ఈ పనికి కాదు.

ఇంట్లో పోత ఇనుప స్కిల్లెట్ (అంచులున్న పెనం) ఉంటే, దాంట్లోనే ఉప్పు పోసి ఆరు చిప్పలు కాల్చుకోవచ్చు. ఈ వంట మీకు నచ్చుతుందో లేదో తెలియక ముందు కొత్తది ఏదీ కొనొద్దని నా సలహా. మొదటి రెండు సార్లు ఉన్నదాంట్లో చేసి చూడండి.

చిప్ప లేని ఆయిస్టర్లు

విప్పడం రాదు, భయం అనుకునే వాళ్లు సూపర్ మార్కెట్లో డబ్బాల్లో విప్పి అమ్మే ఆయిస్టర్లు తెస్తారు. ఇక్కడ లెక్క మారిపోతుంది. చిప్ప లేదు కాబట్టి పాన్‌ గుంటే గిన్నె అవుతుంది, తిండి నేరుగా లోహానికి తగులుతుంది. నిమ్మరసం, చింతపండు, టమాటా సాస్ వేసేవాళ్లు సీజనింగ్, అంటే నూనె పట్టించి కాల్చిన నల్లటి పూత, సరిగ్గా లేని ఇనుములో కాలిస్తే ఇనుప వాసన వస్తుంది, పూత కూడా లేస్తుంది. పులుపు వేసేవాళ్లకి ఎనామెల్ పూసిన ఇనుమో, లేదా చిప్ప ఆకారంలో చేసిన స్టెయిన్‌లెస్ స్టీల్, పింగాణీ గిన్నెలైనా సుఖం. వెన్న, మిరియాలు, కరివేపాకు మాత్రమే వేసే మాకు ఇనుప గుంటలే బాగుంటాయి.

పింగాణీ చిప్పలు కొనేటప్పుడు బ్రాయిలర్ వేడికి పనికొస్తుందని వాటి మీద రాసి ఉందో లేదో చూడండి. అందంగా వడ్డించడానికి మాత్రమే చేసినవి చాలా ఉన్నాయి.

ఉడికిందో లేదో

పాన్‌ల గురించి ఇంత పట్టుదలగా రాయడానికి అసలు కారణం ఇది. గల్ఫ్ లాంటి వెచ్చటి నీళ్లలో విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా ఉంటుంది. కాలేయ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లకి అది ప్రాణం మీదికి తెస్తుంది. మన ఇళ్లలో ఏ విందుకైనా షుగర్ ఉన్నవాళ్లు ఒకరిద్దరు ఉండనే ఉంటారు. నిమ్మకాయ పిండినా, హాట్ సాస్ పోసినా, పక్కన మందు తాగినా అది చావదు. ఉడకాలి. విప్పిన ఆయిస్టర్లని 3 అంగుళాల దూరంలో కనీసం 3 నిమిషాలు బ్రాయిల్ చేయాలని, ఓవెన్‌లో అయితే 450 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 10 నిమిషాలు ఉంచాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతుంది. లోపలి వేడి 145 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాలి. పైన చీజ్ ఎర్రబడిందని దించేయకండి. ఆయిస్టర్ బొద్దుగా ఉబ్బి, అంచులు మడతలు పడి, లోపల జిగురు పోయి తెల్లగా గట్టిపడాలి. అన్ని గుంటలూ ఒకేలా కాలని పాన్‌లో పది ఉడికి రెండు పచ్చిగా మిగిలితే, ఆ రెండూ ఎవరి పళ్లెంలోకి వెళ్తాయో చెప్పలేం.

కొనేటప్పుడు చిప్ప గట్టిగా మూసుకుని ఉండాలి. నోరు తెరిచినదాన్ని వేలితో తట్టండి, మూసుకోకపోతే అది చచ్చినట్టే, పారేయండి. ఇంటికి తెచ్చాక నీళ్లలో వేయకూడదు, గాలాడని సంచిలో కట్టకూడదు. లోతు చిప్ప కిందికి పెట్టి, తడిబట్ట కప్పి ఫ్రిజ్‌లో ఉంచాలి.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట. కేరళలో అష్టముడి సరస్సు వంటి చోట్ల ఆయిస్టర్ల పెంపకం ఉంది, అలా పెంచినవి దొరికితే ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్‌లో) పై రాడ్లు మాత్రమే వేసి ఉప్పు ట్రే పద్ధతి చక్కగా చేసుకోవచ్చు. రేవు బండలకి అంటుకున్నవి మాత్రం కోసుకురాకండి. ఆయిస్టర్ చుట్టూ ఉన్న నీళ్లని వడగట్టి బతుకుతుంది, ఆ నీళ్లలో ఏముంటే అది దాని ఒంట్లోకి చేరుతుంది.

ఎవరికి ఏది

పెరడు, గ్యాస్ గ్రిల్, నలుగురైదుగురు తినేవాళ్లు ఉన్న ఇంటికి పోత ఇనుప పాన్. బరువు మోయలేకపోతే అల్యూమినియం. బొగ్గుల గ్రిల్ పక్కన నిలబడటం ఇష్టమైతే స్టీల్ స్టాండు. అపార్ట్‌మెంటులో ఉండి ఏడాదికి రెండు మూడు సార్లు చేసేవాళ్లు ఏమీ కొనకండి, మందమైన షీట్ పాన్, ఉప్పు చాలు. నలభై యాభై చిప్పలు ఒకేసారి కాల్చే పెద్ద విందైతే ఏ పాన్ సరిపోదు, మూసి ఉన్నవాటినే గ్రిల్ నిండా పరిచేయండి.

పాన్‌కి పెట్టే డబ్బులోంచి కొంత మిగిల్చి, మంచి ఆయిస్టర్ కత్తి ఒకటి, కోత పడని గ్లవ్ ఒకటి తప్పకుండా కొనండి. వంటింటి చాకుతో చిప్ప విప్పబోయి అరచేతిలో కుట్లు వేయించుకున్న స్నేహితుణ్ణి ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది నేనే.

ఇనుప పాన్ కొన్నవాళ్లు ఆ రాత్రే కడగాలి. ఆయిస్టర్ రసం సముద్రపు నీరు లాంటిదే, తెల్లారేసరికి గుంటల్లో తుప్పు మరకలు తేలతాయి. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పొయ్యి మీద పెట్టి తడి ఆరేదాకా కాల్చి, నూనె గుడ్డతో తుడవండి, దోసె పెనానికి చేసినట్టే. టెక్సాస్‌లో ప్రభుత్వ రీఫుల (నీళ్లలో ఆయిస్టర్లు గుంపులుగా పెరిగే దిబ్బల) మీద ఆయిస్టర్లు తీసే సీజన్ నవంబరు 1న మొదలై ఏప్రిల్ 30 దాకా ఉంటుంది. పాన్‌ని అక్టోబరులోనే తెప్పించుకుని, ఖాళీదానికి రెండు మూడు సార్లు నూనె పట్టించి కాల్చి ఉంచితే, హ్యూస్టన్ పక్కనున్న గాల్వెస్టన్ బే నుంచి మొదటి బస్తా దిగే వేళకి నల్లగా నిగనిగలాడుతూ సిద్ధంగా ఉంటుంది.